అన్న ఎముకల్లో తొమ్మిది మచ్చలు

ఎముకల స్కాన్ ఫిల్ము మా చేతికి ఒక సోమవారం సాయంత్రం వచ్చింది. డాక్టరమ్మను కలవాల్సింది గురువారం. మధ్యలో ఉన్న రెండు రోజులూ ఆ కవరును బీరువా మీద పెట్టి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. విప్పి మా వంటింటి కిటికీకి ఆనించి, వెలుతురులో మచ్చలు లెక్కపెట్టాను. తొమ్మిది వచ్చాయి.

అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. నేను కర్నూలులో బట్టలు కుట్టే మనిషిని. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో, కుట్టిన రవికలు ఒకరింట్లో ఇచ్చి వస్తూ, ఎండకు కాసేపు కూర్చుందామని గ్రంథాలయం మెట్లెక్కాను. ఎక్కినదాన్ని ముప్పై ఏళ్లయినా దిగలేదు. మొదట నవలలు చదివాను, తర్వాత చరిత్ర, తర్వాత సైన్సు. ఇంగ్లీషు పుస్తకమైతే నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి ఒక పూట పట్టినా వదిలేదాన్ని కాదు. ఏ బీరువాలో ఏ అరలో ఏముందో కొత్తగా బదిలీ అయి వచ్చే లైబ్రేరియన్లకు నేనే చూపిస్తాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

నేను చదివినదాన్ని మొదట వినేది మా అన్న. ఎర్రగుంట్ల దగ్గర పల్లె మాది. అన్న పదిహేనో ఏట నాపరాయి గనిలోకి దిగాడు. కడప బండలని ఇళ్లలో పరుచుకుంటారే, ఆ రాయి. ఐదేళ్ల కిందటి దాకా ఆ బండలు మోశాడు. ఇప్పుడు అరవై నాలుగేళ్లు, గనిలో నీళ్లు తోడే మోటారు చూసుకుంటున్నాడు. ఆ రాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద అని చదివిన రోజున, నేను ఆగలేక ఫోను చేసి చెప్పాను.

"అందుకే అంత బరువుండాది పాపా. నీళ్లు తాగింటాదిలే" అన్నాడు.

అన్న నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు. నాకు యాభై రెండేళ్లు.

పోయిన చలికాలంలో అన్నకు ఒంటికి పోవడం కష్టమైంది. తర్వాత నడుము నొప్పి మొదలైంది. రక్తపరీక్షలు, ముక్క తీసి చూడటం, అన్నీ కర్నూలులోనే మా ఇంట్లో ఉండి చేయించుకున్నాడు. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు అని తేలింది. అది ఎముకల్లోకి పాకిందేమో చూడాలని డాక్టరమ్మ స్కాన్ రాసింది. ఆసుపత్రి మెట్లు దిగుతూ అన్న ఒక మాట చెప్పాడు.

"ఎముకల్లోకి పోయింటే నాకు మందులొద్దు పాపా. ఇంటికి పోతా. ముందే చెప్తాండా."

ఎందుకు అంటున్నాడో నాకు తెలుసు. గనిలో అన్నతో జతగా బండలు మోసిన మనిషికి ఇలాగే ఏదో జబ్బు ఎముకల నిండా పాకింది. ఆఖరి ఏడాదంతా ఆయనను కార్లలో, బస్సుల్లో ఊరూరా తిప్పారు. అన్న ఆయనను చాలాసార్లు దగ్గరుండి ఎత్తి కూర్చోబెట్టాడు. ఆ తిరుగుడు అన్నకు వద్దు.

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చూసి ఉండేది ఉన్నట్టు చెప్పు. ఆ డాక్టరమ్మ నాకు బాధైతాదని ఏదో తీపిగా చెప్తాది" అన్నాడు.

ఆ మాటకు నాకు భయంతో పాటు, దాచడమెందుకు, కొంచెం గర్వం కూడా కలిగింది.

స్కాన్ రోజున ఒక ఫారం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. పక్కన కూర్చున్నవాళ్లు కౌంటరు దగ్గరికి పోయి అడిగి రాయించుకుంటుంటే, నేను కలం తీసి మా అన్నది నేనే నింపాను. గతంలో ఎముకలు విరిగాయా అని ఒక ప్రశ్న. చదివి వినిపించాను.

అన్న గోడ మీది గడియారం చూస్తూ, "లేదు. లేదని రాసుకో" అన్నాడు.

గుండ్రటి అక్షరాలతో లేదని రాశాను.

చేతి నరానికి ఒక మందు ఎక్కించి, మూడు గంటలు ఆగమన్నారు. నీళ్లు బాగా తాగమన్నారు. ఆ మందులో కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుందనీ, అది ఎముకల్లోకి చేరాక యంత్రం దాన్ని పసిగట్టి బొమ్మ గీస్తుందనీ నేను అన్నకు చెప్పాను. ముందు వారమే గ్రంథాలయంలో ఒక లావాటి వైద్య పుస్తకం తీయించి చదివాను. ఎముకలో ఎక్కడ చురుగ్గా పని జరుగుతుంటే అక్కడ మందు ఎక్కువ చేరుతుందని, క్యాన్సరు పాకిన చోట అది నల్లటి మచ్చగా కనిపిస్తుందని అందులో ఉంది. అదంతా నా నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నాను. రాసుకుంటుండగానే మూసే వేళయింది, అటెండరు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. పేజీ అడుగు దాకా రాసి లేచాను.

ఇక ఆ సోమవారం. ఫిల్ములో అన్న రెండుసార్లు ఉన్నాడు, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. మాంసం లేని మనిషి, పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగులో. ఆ బూడిదరంగులో నల్లగా మచ్చలు. పక్కటెముకల్లో నాలుగు, ఎడమ భుజంలో ఒకటి, కుడి మోకాల్లో ఒకటి, నడుములో ఒకటి, కటి ఎముకలో రెండు. రెండుసార్లు లెక్కపెట్టాను. నోటుపుస్తకం తెరిచి చూసుకున్నాను.

అన్న వంటింటి గడపలో నిలబడ్డాడు. "ఎన్నుండాయి?"

"తొమ్మిది" అన్నాను.

"అంతా అదేనా?"

"అదే అనుకుంటా అన్నా."

అన్న తల ఊపాడు. అన్నం తిన్నాడు. మజ్జిగ అడిగి పోయించుకున్నాడు. మరునాడు పొద్దున్నే సంచి సర్దుకుని బస్టాండుకు బయలుదేరాడు. గురువారం దాకా ఉండమని నేనూ మా ఆయనా ఎంత చెప్పినా, "చెప్పింటి కదా" అన్నాడంతే. కోపం లేదు, ఏడుపు లేదు. బస్సు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు.

ఆ రోజంతా నేను మిషను తొక్కలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పానని ఒకసారి అనుకుంటాను. మందు వేయించుకుంటే ఇంకా ఎన్నేళ్లు ఉండేవాడో అని ఇంకోసారి అనుకుంటాను. బుధవారం పొద్దున ఫిల్మును చీర మడతలో చుట్టి సంచిలో పెట్టుకుని ఊరికి బయలుదేరాను. బనగానపల్లెలో బస్సు ఆగితే నాలుగు మామిడిపండ్లు కొన్నాను. అన్నను ఏమని ఒప్పించాలో దారి పొడవునా ఆలోచించాను గానీ, ఒక్క మాటా కుదరలేదు.

ఇంట్లో వదిన ఒక్కతే ఉంది. పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. నన్ను చూసి లేవలేదు.

"రామ్మా, పండితురాలా. మామిడిపండ్లు తెచ్చినావా? మొగున్ని పోగొట్టుకునేదానికి పండ్లు తెచ్చినట్టుండాది."

"అట్ల అనొద్దు వదినా."

"ఇంగెట్లనల్ల? నిన్నటాల నుండి ఆయప్ప మోటారు కాడ కూర్చోనుండాడు. తిండికి రాడు. తొమ్మిదంట, తొమ్మిదంట అంటాండాడు. ఏంటియి ఆ తొమ్మిది? యాడుండాయి? తియ్యి ఆ కాయితము."

వదినకు చదువు రాదు. ఫిల్మును వాకిలి వెలుతురుకు పట్టుకున్నాను. వదిన చీరకొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. మొగుడి ఎముకలు చూసి ఆమె భయపడుతుందని అనుకున్నాను. భయపడలేదు. కొత్త చీర నేత పరికించినట్టు కాసేపు చూసి, పక్కటెముకల మీద వేలు పెట్టింది. నాలుగు మచ్చలు, ఒకదాని కింద ఒకటి, నిలువుగా గీత గీసినట్టు ఉన్నాయి.

"ఇవి నాకు తెల్సు" అంది.

"ఏమి తెలుసు?"

"ఇవే. పైనుండి నాలుగు. నలభై దినాలు కట్టు కట్టింది నేను కదా, నాకు తెలీదా? కాకపోతే అది ఎడమపక్క. ఈడ కుడిపక్క చూపిస్తాండాదే?"

"మనకు ఎదురుగా నిలబడినట్టు వదినా. ఆయన ఎడమ మనకు కుడి. ఏం కట్టు? ఎప్పుడు?"

"నీకు చెప్పకూడదన్న్యాడు." వదిన మళ్లీ పొయ్యి దగ్గర కూర్చుంది. "అయినా చెప్తా. ఆయప్ప మంత్రాలయం పోయినప్పుడు."

పన్నెండేళ్ల కిందటి మాట. అన్న మంత్రాలయంలో సేవకని మొక్కుకున్నాడనీ, నలభై రోజులు తుంగభద్ర ఒడ్డునే ఉన్నాడనీ గనిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తిరిగి వచ్చాక నాకు ప్రసాదం కూడా తేలేదని, మంత్రాలయం నాకు దగ్గరైనా ఒక్క పూట మా ఇంటికి రాలేదని అలిగాను కూడా. అన్న మంత్రాలయం పోలేదు. బండతో పాటు జారి, రాతి అంచు మీద పడి నాలుగు పక్కటెముకలు విరగ్గొట్టుకుని, వదిన పుట్టింటి వెనక గదిలో నలభై రోజులు పడుకున్నాడు. ఆ ఊళ్లో విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు వేయడం తెలిసిన ముసలాయన వచ్చి కట్టాడు. ఎట్లా విప్పాలో ఎట్లా కట్టాలో చూపించి పోయాడు. మిగతాదంతా వదినే.

"నీ పుస్తకాల్లో అన్నీ ఉండాయి. మీ అన్న పక్కటెముకలు మాత్రం ల్యాకపాయ" అంది వదిన.

అప్పుడు నాకు చొక్కా గుర్తొచ్చింది. అన్న చొక్కాలన్నీ నేనే కుడతాను. ఆ ఏడాది ఉగాదికి కుట్టిన చొక్కా ఎడమవైపు ముడత పడింది. కొలిచి చూస్తే ఎడమ భుజం అరంగుళం కిందికి దిగి ఉంది. కొలతల పుస్తకంలో ఆ అరంగుళం రాసుకుని, అప్పటినుంచి అలాగే కుడుతున్నాను. ఎందుకు దిగిందని పన్నెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం అన్న వచ్చాడు. నన్ను, నా పక్కన ఫిల్మును, వదిన మొహాన్ని చూసి విషయం గ్రహించాడు.

"మంత్రాలయం పోయినావంటివే?" అన్నాను.

"స్వామి యాడున్నోల్లనైనా చూస్తాడులే" అని మంచం మీద కూర్చున్నాడు.

"ఫారంలో లేదని ఎందుకు రాయించినావు?"

"అలవాటు పాపా. ఎవురడిగినా ల్యా అని చెప్పి చెప్పి, నాకూ ల్యా అనే అయిపాయ."

తర్వాత అన్న నాకు విడమరచి చెప్పాడు. అన్ని పుస్తకాలు చదివిన నాకు ఈ సంగతి ఇంతవరకు తెలియదు. గనిలో బండలను మనుషుల లెక్కన పిలుస్తారు. ఇద్దరు మోసే బండ, నలుగురు మోసే బండ. ఇద్దరు మోసేదైతే ఒకడు కుడి, ఒకడు ఎడమ, ఇద్దరూ ఒక్క అడుగే వేయాలి. ఒకడి పక్క లొంగిందంటే బండ రెండోవాడి కాలి మీద పడుతుంది. అందుకని జోడీ కట్టే ముందు మనిషి ఒళ్లు చూస్తారు. పక్కటెముకలు విరిగినవాడని ఒకసారి పేరు పడితే, అవి అతుక్కుని వాడు మళ్లీ ఇనుములా అయినా సరే, ఎవరూ జోడీకి పిలవరు.

"ఇరిగినోని పక్కన ఎవురు నిలబడ్తారు? నేనైనా నిలబడను. అందుకే మంత్రాలయం పోతి."

"మరి నీ జోడీగాడు?"

"వానికొక్కనికి చెప్పినా. పట్టింపు ల్యా, రా అన్న్యాడు. ఆర్నెల్లు బరువంతా వాని పక్కకే వాల్చుకున్న్యాడు."

ఆ జోడీగాడే ఆఖరి ఏడాది అన్న చేతుల మీద లేచి కూర్చున్న మనిషి. వదిన సంగటి ముద్దలు పెట్టి, పైన పప్పు పోసింది.

తింటూ తింటూ అన్న లెక్క వేశాడు. "అయితే నాలుగు పోతే అయిదు. ఆ అయిదూ అదేనా?"

ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు. వదిన కూడా. నోటుపుస్తకం నా సంచిలో ఉంది. అందులో ఉన్నదేదో నాకు కంఠతా వచ్చు. భుజం బండ మోసిన భుజం అనీ, మోకాలు మోసిన మోకాలనీ చెప్పాలని నోటి దాకా వచ్చింది. అదీ నా ఊహే. మొన్న తొమ్మిది చెప్పిన నోరే ఇదీ.

"నాకు తెలీదన్నా" అన్నాను. "నిజంగా తెలీదు. రేపు డాక్టరమ్మ చూసి చెప్తాది."

అన్న చేతిలో ముద్ద పట్టుకుని అలాగే ఆగాడు. తర్వాత వదిన వైపు తిరిగాడు.

"ఇన్నావా? మా పాపకు తెలీనిది ఒకటుండాదంట."

"నాకు ఎప్పుడో తెల్సు" అంది వదిన.

"అయితే పోదాం పా. అదేందో నేనూ సూడల్ల" అన్నాడు అన్న. అంతే, ఆ సాయంత్రం బస్సుకే ఇద్దరం కర్నూలు వచ్చేశాం.

గురువారం పొద్దున గ్రంథాలయం తెరవగానే వెళ్లి అదే పుస్తకం తీయించాను. నేను ఆపిన పేజీ తిప్పాను. తర్వాతి పేజీ మొదటి వాక్యంలోనే ఉంది. విరిగి అతుక్కున్న ఎముక, అరిగిన కీలు కూడా అదే మందును పట్టుకుంటాయి, వాటినీ క్యాన్సరనుకుని పొరబడే ప్రమాదం ఉంది అని. పక్కపక్క పక్కటెముకల్లో మచ్చలు వరుసగా ఉంటే ముందు దెబ్బేమోనని అడగాలని కూడా ఉంది. నిలబడే చదివాను. తర్వాత కూర్చుని, ఆ పేజీ మొత్తం నోటుపుస్తకంలోకి ఎత్తి రాశాను. మొన్నటి పేజీని చింపలేదు. దాని ఎదురుగానే రాశాను.

డాక్టరమ్మకు అంతా చెప్పాను, మంత్రాలయం సంగతితో సహా. ఆమెకు నలభై ఏళ్లుంటాయి, మాట నెమ్మది. నవ్వు ఆపుకుని ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టింది.

"ఈ పక్కటెముకల వరుస కంప్యూటరులో చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందమ్మా. ఫారంలో లేదని ఉంది కాబట్టి తేల్చుకోలేకపోయాను. ఏమైనా ఇంకో స్కాన్ రాద్దామనే అనుకున్నాను" అంది. తర్వాత అన్న వైపు తిరిగింది. "పెద్దాయనా, ఈ ఫిల్ము ఇంట్లో పని జరుగుతోందని చెప్తుంది. ఇల్లు కడుతున్నారో కూలగొడుతున్నారో చెప్పలేదు. అది తెలియాలంటే రెండు యంత్రాలు కలిపి చూడాలి. ఒకటి ఎముక ఆకారం చూపిస్తుంది, విరిగిందా, అరిగిందా, జబ్బు తినేసిందా అని. రెండోది మీ జబ్బు కణాలకు బాగా అంటుకునే మందును చూపిస్తుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తాం."

"రెండూ ఒగటే మంచం మీదనేనా?" అన్నాడు అన్న.

"ఒకటే మంచం. మీరు కదలకుండా పడుకోవాలి. అంతే."

"జోడీ అన్నమాట" అన్నాడు అన్న.

ఆ స్కాన్ తర్వాతి మంగళవారం చేశారు. మందు సూదిని మందపాటి సీసపు డబ్బాలో పెట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. డబ్బా బరువుకు అతని భుజం ఒరిగింది.

"ఏమప్పా, ఇంత సూదికి అంత బరువా? ఇటియ్యి, నేను మోస్తా" అన్నాడు అన్న.

"వద్దు పెద్దాయనా, మీరు పడుకోండి. ఇది నా వంతు బండ" అన్నాడు అతను. అన్న వృత్తి అప్పటికే ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

మందెక్కించి గంట సేపు ఒంటరిగా కూర్చోబెట్టారు. తర్వాత ఒంటికి పోయి రమ్మని, మంచం మీద పడుకోబెట్టారు. మంచం ఒక పెద్ద గుండ్రటి రంధ్రంలోకి నెమ్మదిగా జారింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. చేతిలో పుస్తకం ఉంది, తెరవలేదు. అరగంటలో అన్న బయటికి వచ్చి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నిద్ర పట్టిండె పాపా, మధ్యలో లేపిరి" అన్నాడు. ఆ రోజు చంటిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు దూరంగా ఉండమన్నారు. మా పక్కింటమ్మాయికి ఏడో నెల. అన్న సాయంత్రం వాకిట్లోకి రాకుండా, కిటికీలోంచే ఆ అమ్మాయితో మామిడి ఊరగాయ గురించి మాట్లాడాడు.

మూడో రోజు డాక్టరమ్మ మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఈసారి అన్న రంగుల్లో ఉన్నాడు. బూడిదరంగు ఎముకల మీద అక్కడక్కడా నిప్పుకణికల్లా పసుపు, ఎరుపు. మొదట కనపడింది మొహం. కళ్ల పైన రెండు వెలుగులు, దవడల దగ్గర ఇంకా పెద్ద వెలుగులు. మొహానికి కూడా పాకిందా అని ఒక మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. వేలు చూపించి, "అవేంటి మేడమ్?" అని మాత్రం అడిగాను.

"అవి అందరికీ వెలుగుతాయి. పైవి కన్నీటి గ్రంథులు, కిందివి లాలాజలానివి. ఈ మందు అక్కడికి కూడా పోతుంది, మూత్రపిండాలకూ పోతుంది. అది జబ్బు కాదు" అంది.

"కన్నీళ్లు వాడకుండా పెట్టుకున్న్యా కదా, నిండుగా ఉంటాయిలే" అన్నాడు అన్న.

ఆమె పక్కటెముకల దగ్గరికి వచ్చింది. నాలుగు చోట్లా ఎముక ముడి వేసినట్టు లావెక్కి, గట్టిగా అతుక్కుని ఉంది. రంగు లేదనే చెప్పాలి. "కట్టు కట్టినవాళ్లు బాగా కట్టారు" అంది డాక్టరమ్మ. ఆ మాట వదినకు చెప్పాలని మనసులో పెట్టుకున్నాను. భుజంలో కీలు అరిగింది, రంగు లేదు. మోకాలూ అంతే. నడుములో ఎముక అంచులు కొక్కేల్లా పెరిగాయి, బరువు మోసినవాళ్లకు అలా అవుతుందట, అక్కడా రంగు లేదు. కటి ఎముకలో రెండు చోట్ల మాత్రం ఎర్రగా వెలుగుతోంది. అవి నిజం.

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. తొమ్మిదిలో రెండు.

"ఇంకొకటి ఉంది" అంది ఆమె, వీపు మధ్యలో వెన్నుపూస చూపిస్తూ. శనగగింజంత వెలుగు. "ఇది మొన్నటి ఫిల్ములో లేదు. చిన్నది, ఇప్పుడిప్పుడే మొదలైంది. మొత్తం మూడు."

నేను తొమ్మిది మచ్చలు చూసి భయపడిన ఫిల్ములో అది లేనే లేదు. ఉన్నవాటిని ఎక్కువ చేసి, లేనిదాన్ని తెలుసుకోకుండా, ఎంత గట్టిగా చెప్పానో.

డాక్టరమ్మ కుర్చీ అన్న వైపు తిప్పుకుంది. "పూర్తిగా పోతుందని నేను చెప్పను పెద్దాయనా. ఎముకల్లోకి వచ్చింది, అది నిజం. కానీ మూడే చోట్ల. మూడు నెలలకొక ఇంజెక్షను, రోజూ మాత్రలు. ఆ మూడు చోట్లకూ, గ్రంథికీ కిరణాలు పెడదాం. చాలామందిలో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. ఊరూరా తిరగక్కర్లేదు. అంతా కర్నూలులోనే."

అన్న తెర మీది తన ఎముకల వంక చాలాసేపు చూశాడు. వద్దంటాడని నేను కొంగు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఈసారి ఆయన నన్ను ఏమీ అడగలేదు.

"మూడంటే," అన్నాడు చివరికి, "నలుగురు మోసే బండ కాదులే. ఇద్దరు మోసేదే." డాక్టరమ్మకు అర్థం కాలేదు. అన్న చెయ్యి ఎత్తి చూపించాడు. "నువ్వొక పక్క పట్టుకుంటే, ఇంగో పక్క నేను పట్టుకుంటా. సూదెప్పుడు?"

"ఈ రోజే వేద్దాం."

నర్సు ఇంజెక్షను ఎటువైపు వేయాలని అడిగితే, "కుడిపక్క ఎయ్యమ్మా. ఎడమపక్క శానా పని చేసింది, దాన్ని ఇడ్సిపెట్టు" అన్నాడు.

కిరణాల చికిత్సకు మళ్లీ ఒక ఫారం ఇచ్చారు. అదే ఇంగ్లీషు, అవే ప్రశ్నలు. గతంలో ఎముకలు విరిగాయా అన్న చోటికి వచ్చేసరికి కలం పక్కన పెట్టి వదినకు ఫోను చేశాను. ముందు మూడు అని చెప్పాను, అన్న సూది వేయించుకున్నాడని చెప్పాను. అవతల నుంచి కాసేపు ముక్కు చీదిన చప్పుడు మాత్రమే వచ్చింది. కట్టు బాగా కట్టారని డాక్టరమ్మ అన్న మాట కూడా చెప్పాను.

"ఆమెకు తెల్సు" అంది వదిన. "ఇప్పుడేంది?"

"విరిగినవి ఏమేమున్నాయో చెప్పు వదినా. ఫారంలో రాయాలంట."

"రాసుకో. పక్కటెముకలు నాలుగు, ఎడమపక్కవి. కుడిచెయ్యి చిటికినేలు, అది బండల మధ్యన పడింది. ఎడమకాలి బొటనేలు."

"బొటనవేలా? అదెప్పుడు?"

"నీ పెండ్లినాడు. అరుగురాయి జరిపేటప్పుడు కాలిమీద పడె. పెండ్లి అయిపోయేదాంక ఎవురికీ చెప్పొద్దన్న్యాడు."

నా పెళ్లినాడు అన్న చెప్పులు లేకుండా తిరిగాడు. చెల్లెలి పెళ్లని ఏదో మొక్కుకున్నాడని మా వాళ్లందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. పక్కన కుర్చీలో కూర్చున్న అన్న వంక చూశాను. ఆయన మళ్లీ గోడ మీది గడియారం చూస్తున్నాడు.

"ఇంకా ఉండాయా వదినా?"

"శానా ఉండాయి. కాయితం సరిపోతాదా?"

సరిపోలేదు. ఫారం వెనకవైపు తిప్పి రాసుకున్నాను.